రెట్టింపులు లెక్కపెట్టండి: లైన్ ఇండక్టెన్స్ ఎక్కడుంటుంది?

(భీమవరంలో లైన్ పనివాళ్లు, పాలిటెక్నిక్ విద్యార్థులు, చెరువుల రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. బయట కాలవ గట్టు మీద 11 కేవీ లైన్ పోతోంది కదా. ఆ లైనుకి రెసిస్టెన్స్ ఉంది, ఇండక్టెన్స్ ఉంది అని చదువుకున్నాం. రెసిస్టెన్స్ ఎక్కడుందో అందరికీ తెలుసు, తీగలోని అల్యూమినియంలో ఉంది. మరి ఇండక్టెన్స్ ఎక్కడుంది?

(సభలోంచి: తీగలోనే కదండీ.)

చాలామంది అలాగే అనుకుంటారు. ఒక పని చేద్దాం. అల్యూమినియం తీగ దింపేసి, సరిగ్గా అంతే లావున్న రాగి తీగ ఎక్కిద్దాం. రెసిస్టెన్స్ నూటికి 40 వంతుల దాకా పడిపోతుంది. ఇండక్టెన్స్ మాత్రం అక్కడే ఉంటుంది. ఇప్పుడు లైన్ చుట్టూ ఉన్న గాలినంతా తోడేసి శూన్యం చేశామనుకోండి. అప్పుడూ మారదు. అయస్కాంత గుణంలో గాలికీ శూన్యానికీ తేడా కోటికి నాలుగు వంతులే. వర్షం పడ్డా, సముద్రం మీంచి ఉప్పుగాలి కొట్టినా, తెల్లవారుజామున మంచు కమ్మినా అంతే. నీళ్లకీ శూన్యానికీ తేడా లక్షకి ఒక వంతు. అందుకే పుస్తకంలో శూన్యానికని రాసిన సూత్రాన్ని మన కాలవ గట్టు మీద లైనుకి ఉన్నదున్నట్టు వాడేసుకోవచ్చు.

లోహమూ కాదు, గాలీ కాదు. మిగిలింది తీగల మధ్య ఉన్న జాగా. ఇండక్టెన్స్‌లో నూటికి 95 వంతులకు పైగా ఆ ఖాళీ జాగాలోనే ఉంటుంది. తీగ లోపల ఉండేది కిలోమీటరుకి 0.05 మిల్లీహెన్రీ. గుండ్రటి గట్టి తీగలో కరెంటు సమానంగా పరుచుకున్నంతసేపు అది సన్న తీగకైనా లావు తీగకైనా ఒకటే. అయితే ఒక మినహాయింపు ఉంది, ఇనుము. దాని సంగతి తర్వాత చెబుతాను, దానివల్ల పొరపాట్లు జరుగుతున్నాయి.

ముందు ఇండక్టెన్స్ చేసే పనేమిటో చూద్దాం. నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద వెళ్లినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఇంజన్ వేయగానే పంటు కదలదు. రేవు దగ్గర ఇంజన్ తగ్గించినా వెంటనే ఆగదు. కరెంటు పెరగబోయినా తరగబోయినా ఇండక్టెన్స్ అలాగే అడ్డుపడుతుంది. నిలకడగా పారే డీసీకి అది అడ్డు కాదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి ప్రతి ఊపులోనూ అడ్డు తగులుతుంది. ఆ అడ్డునే రియాక్టెన్స్ అంటాం, ఓముల్లో కొలుస్తాం.

(బోర్డు మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ వలయాలు గీశారు.)

ఈ చుక్క తీగ. ఎదురుగా నిలబడి తీగను దాని చివర నుంచి చూస్తున్నారనుకోండి. కరెంటు పారితే చుట్టూ వలయాలుగా అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. 100 ఆంపియర్లు పారే తీగకి మీటరు దూరంలో అది 20 మైక్రోటెస్లా, అంటే మన ప్రాంతంలో భూమి అయస్కాంతానికి సుమారు సగం. దూరం రెట్టింపైతే క్షేత్రం సగమవుతుంది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చూడండి. తీగ మధ్య నుంచి 1 సెంటీమీటరు నుంచి 2 సెంటీమీటర్ల దాకా ఒక పట్టీ తీసుకుందాం. అందులో కొంత ఫ్లక్స్, అంటే ఆ పట్టీ గుండా పోయే మొత్తం అయస్కాంత క్షేత్రం, ఉంటుంది. ఇప్పుడు 2 నుంచి 4 దాకా ఉన్న పట్టీ చూడండి. క్షేత్రం సగమైంది, పట్టీ వెడల్పు రెట్టింపైంది. ఫ్లక్స్ అంతే. 4 నుంచి 8 దాకా కూడా అంతే. 8 నుంచి 16 దాకా కూడా అంతే. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఒకే వాటా కలుస్తుంది. లాగరిథమ్ అని పుస్తకంలో భయపెట్టేది దీన్నే. ఆ వాటా విలువ కిలోమీటరుకి 0.1386 మిల్లీహెన్రీ. 50 హెర్ట్జ్ దగ్గర 0.0436 ఓములు. ఈ ఒక్క అంకె రాసుకోండి, ఈ పూట లెక్కలన్నీ దీంతోనే చేద్దాం.

ఈ అంకెలో అల్యూమినియం లేదు, గాలి లేదు. ఉన్నది శూన్యానికి చెందిన మ్యూ నాట్ అనే స్థిరాంకం. 2019లో కొలమానాల నిర్వచనాలు మార్చేదాకా అది కచ్చితంగా 4π గుణించు 10 పవర్ మైనస్ 7. ఇప్పుడది కొలిచి తెలుసుకునే విలువ అయినా, తేడా ఎక్కడో పదో అంకె దగ్గర వస్తుంది. మన పనికి అదే విలువ.

రెట్టింపులు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? తీగ అంచు దగ్గర మొదలుపెట్టి, తిరుగు కరెంటు పారే రెండో తీగ దగ్గర ఆపాలి. దాన్ని దాటాక ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది. తీగ లోపలి ఫ్లక్స్ కూడా లెక్కలోకి రావాలని మొదలుపెట్టే వ్యాసార్ధాన్ని కాస్త తగ్గించి తీసుకుంటారు. దాన్ని జీఎంఆర్ అంటారు. గట్టి తీగకి అసలు వ్యాసార్ధంలో 0.7788 వంతు. ఏడు పోగుల తీగకి 0.726 వంతు. 30 అల్యూమినియం పోగులున్న పాంథర్ అనే పెద్ద లైన్ల తీగకి 0.826 వంతు. ఇక మూడు ఫేజుల మధ్య దూరాలు మూడు రకాలుగా ఉంటే, మూడింటినీ గుణించి ఘనమూలం తీయాలి. అది జీఎండీ. మూడు తీగలు ఒకే వరసలో సమాన దూరంలో ఉంటే పక్క తీగ దూరాన్ని 1.26తో గుణిస్తే సరిపోతుంది.

బయటి లైనుకి లెక్క చేద్దాం. రాబిట్ కండక్టర్, ఆరు అల్యూమినియం పోగులు, మధ్యలో ఒక స్టీలు పోగు, వ్యాసం 10.05 మిల్లీమీటర్లు. వ్యాసార్ధం 5.025. దాన్ని 0.726తో గుణిస్తే జీఎంఆర్ 3.65 మిల్లీమీటర్లు. జీఎండీ 1.2 మీటర్లు, అంటే 1200 మిల్లీమీటర్లు అనుకుందాం. 3.65ని రెట్టింపు చేసుకుంటూ పోండి. 7.3, 14.6, 29, 58, 117, 234, 467, 934. ఎనిమిది రెట్టింపులయ్యాయి. 1200కి చేరడానికి ఇంకో మూడో వంతు పైచిలుకు కావాలి. మొత్తం 8.36. దాన్ని 0.0436తో గుణిస్తే కిలోమీటరుకి 0.364 ఓములు. అంతేనండి. లాగ్ టేబుల్ అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు.

విద్యార్థులు పరీక్షలో ఎక్కడ తప్పుతారో కూడా చెబుతాను. వ్యాసార్ధం వేయాల్సిన చోట వ్యాసం వేస్తారు. అంటే సరిగ్గా ఒక రెట్టింపు పోయినట్టు, జవాబు 0.0436 తగ్గుతుంది. రెండోది, మీటర్లని మిల్లీమీటర్లతో భాగిస్తారు. మూడోది అన్నిటికన్నా ఎక్కువ కనిపించే తప్పు. రెండు తీగల సింగిల్ ఫేజ్ లైనుకి వెళ్లే తీగ, వచ్చే తీగ రెండింటినీ కలిపి లూప్ ఇండక్టెన్స్ అడిగితే, ఒక్క తీగదే రాసి వదిలేస్తారు. లూప్ అంటే దానికి రెట్టింపు.

ఈ లెక్కలో ఒక ఊరట ఉంది. తుపాను వచ్చిపోయాక తొందరలో క్రాస్ ఆర్మ్ (స్తంభం మీది అడ్డకమ్మీ) మార్చి దూరం 1.2 మీటర్ల నుంచి 1.5కి పెరిగిందనుకోండి. అది మూడో వంతు రెట్టింపు. రియాక్టెన్స్ కిలోమీటరుకి 0.014 ఓములు పెరుగుతుంది, అంటే నూటికి నాలుగు వంతులు. ఓల్టేజీ పడిపోతోందని దాని మీద తప్పు వేయడం సరికాదు. లాగరిథమ్ మొండిది. తీగల దూరం కొంచెం అటూ ఇటూ జరిపితే అది కదలదు. కదిలించాలంటే పెద్ద మార్పే చేయాలి.

ఆ పెద్ద మార్పు మీ వీధుల్లో జరిగింది. పాత ఎల్‌టీ లైన్, అంటే ఇళ్లకి వచ్చే తక్కువ ఓల్టేజీ లైన్, నిలువుగా, తీగకీ తీగకీ సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. దాని జీఎంఆర్ నుంచి దూరం దాకా 6.8 రెట్టింపులు, కిలోమీటరుకి 0.3 ఓములు. కోనసీమలో కొబ్బరి మట్టలు పడి తీగలు కలిసిపోతుంటే ఏబీ కేబుల్ వేశారు కదా, పురి పెట్టినట్టు మెలిపెట్టిన నల్ల తీగలు. అందులో ఒక తీగ మధ్య నుంచి పక్క తీగ మధ్యకి 12 మిల్లీమీటర్లు. జీఎంఆర్ 2.94. రెండంటే రెండే రెట్టింపులు, 0.088 ఓములు. మట్టల బాధ తప్పించడానికి వేసిన కేబుల్ రియాక్టెన్స్‌ని మూడో వంతు కన్నా తక్కువకి దించేసింది.

దీనివల్ల చెరువులకి ఏం లాభమో అంకెల్లో చూద్దాం. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు, రెండేసి హెచ్‌పీవి, పది ఉన్నాయనుకోండి. కరెంటు పోయి మళ్లీ వచ్చింది. స్విచ్‌లన్నీ వేసే ఉన్నాయి, పదీ ఒకేసారి లేస్తాయి. ఒక్కో మోటారు లేచేటప్పుడు 20 ఆంపియర్లు లాగితే మొత్తం 200. ఆ క్షణంలో పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనిచేసే వంతు, 0.5 వేసుకుందాం. లైన్ 400 మీటర్లు. పాత ఓపెన్ లైన్ మీద, 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియానికి కిలోమీటరుకి 0.55 ఓములు తీసుకుంటే, ఫేజుకి 43 ఓల్టులు పడిపోతాయి. 240లో నూటికి 18 వంతులు. అదే సైజు ఏబీ కేబుల్ మీద 32 ఓల్టులు, నూటికి 13. ఏబీ కేబుల్‌కి రెసిస్టెన్స్ కొంచెం ఎక్కువ, 0.64. అయినా 11 ఓల్టులు మిగిలాయి. మిగిలినవన్నీ జాగా తగ్గించడం వల్ల వచ్చినవే.

మోటారు టార్క్ ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఓల్టేజీ నూటికి 18 తగ్గితే టార్క్ నూటికి 33 తగ్గుతుంది. తెడ్లు నీళ్లలో ఉంటాయి కాబట్టి మోటారు తేలిగ్గా లేవదు. ఆ పెద్ద కరెంటు లాగుతూనే ఉంటుంది. పక్కవాటికి కూడా ఓల్టేజీ అందదు. వైండింగ్ వేడెక్కుతుంది. మోటార్లు కాలేది చాలాసార్లు ఈ ఒకటి రెండు నిమిషాల్లోనే. చేయాల్సింది ఏమిటంటే, స్టార్టరు లేకుండా నేరుగా స్విచ్ వేసి ఉంచకండి. నో-ఓల్ట్ కాయిలున్న స్టార్టరు పెట్టండి, కరెంటు పోతే అది వదిలేస్తుంది. తర్వాత ఒక్కొక్కటిగా, ముందుది పూర్తి వేగం అందుకున్నాక రెండోది వేయండి. మనిషి లేని చెరువైతే ఒక్కో స్టార్టరుకి వేర్వేరు ఆలస్యంతో టైమరు రిలే పెట్టించండి. 5 సెకన్ల తేడా ఉన్నా చాలు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే తెల్లవారుజామున పది ఏరియేటర్లూ మొండికేస్తే పోయేది మోటారు ఒక్కటే కాదు.

ఇప్పుడు పెద్ద ఫీడరు. 10 కిలోమీటర్ల రాబిట్ లైన్ చివర 800 కిలోవాట్ల లోడు, పవర్ ఫ్యాక్టర్ 0.8. కరెంటు 52.5 ఆంపియర్లు. ఫేజు డ్రాపు అంటే కరెంటుని, రెసిస్టెన్స్ ఇంటూ కాస్ ఫై, రియాక్టెన్స్ ఇంటూ సైన్ ఫై రెండింటి మొత్తంతో గుణించాలి. కాస్ ఫై అంటే పవర్ ఫ్యాక్టరే, 0.8. సైన్ ఫై 0.6. రెసిస్టెన్స్ వాటా 0.44, రియాక్టెన్స్ వాటా 0.22. డ్రాపు లైన్ నుంచి లైనుకి సుమారు 600 ఓల్టులు, నూటికి 5.4. ఇందులో మూడో వంతు ఖాళీ జాగా తిన్నది. పవర్ ఫ్యాక్టర్‌ని 0.95కి తెస్తే, దానికి 337 కేవీఏఆర్ (పని చేయకుండా అటూ ఇటూ ఊగే రియాక్టివ్ పవర్ కొలత) కెపాసిటర్లు కావాలి, కరెంటు 44.2కి దిగుతుంది, డ్రాపు 490 ఓల్టుల లోపుకి వస్తుంది, తీగల్లో నష్టం 45 కిలోవాట్ల నుంచి 32కి పడుతుంది. కెపాసిటర్ ఎక్కడ పెట్టాలంటారా? సబ్‌స్టేషన్‌లో పెడితే ఈ 10 కిలోమీటర్ల డ్రాపు తగ్గదు. లోడు దగ్గర పెడితేనే తగ్గుతుంది. ఇంకొకటి, లోడు తగ్గిన వేళ కెపాసిటర్లని అలాగే వదిలేస్తే రియాక్టెన్స్ ఎదురు తిరిగి ఓల్టేజీని పైకి నెడుతుంది. అందుకే స్విచింగ్ ఉండాలి.

ఇనుము సంగతి చెబుతానన్నాను. తీగ తెగినప్పుడు చేతికి దొరికిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ ముక్కతో జంపరు, అంటే రెండు తీగలని కలిపే ముక్క, కట్టేయడం, ఒక స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) లాగేయడం అక్కడక్కడా జరుగుతుంది. ఇనుముకి అయస్కాంత గుణం శూన్యానికి వందల రెట్లు. తీగ లోపల 0.05 మిల్లీహెన్రీ అన్నానే, ఆ చిన్న భాగం ఇనుములో చాలా రెట్లు పెరిగి బయటి జాగా ఇండక్టెన్స్‌నే మించిపోగలదు. పైగా కరెంటు తీగ అంచుకి నెట్టుకుపోతుంది, రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది, ముక్క వేడెక్కుతుంది. జీఐ జంపరు ఎర్రగా కాలడం వెనక లూజు కనెక్షన్‌తో పాటు ఇదీ ఉంది. రాబిట్‌లోనూ మధ్యలో స్టీలుంది కదా అంటారు. అందులో కరెంటు ఎక్కువగా అల్యూమినియంలోనే పోతుంది. కానీ అల్యూమినియం ఒకే పొర, మెలికగా చుట్టి ఉంటుంది, అది స్టీలుని కాయిల్ లాగా కొంచెం అయస్కాంతం చేస్తుంది. పాంథర్‌లో రెండు పొరలు, ఎదురెదురు మెలికలు, ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. తీరం దగ్గర స్టీలు కోర్ తుప్పు పట్టే చోట ఏఏఏసీ, అంటే పూర్తి అల్యూమినియం మిశ్రమం తీగ వేస్తే ఈ రెండు గొడవలూ ఉండవు.

పెద్ద టవర్ల మీద ఒక్కో ఫేజుకి రెండేసి తీగలు ఎందుకుంటాయని పిల్లలు అడుగుతుంటారు. 400 కేవీ లైను మీద మూస్ కండక్టర్లు రెండు, 45 సెంటీమీటర్ల ఎడంతో, మధ్య మధ్య స్పేసర్లతో. కరోనా, అంటే ఎక్కువ ఓల్టేజీకి తీగ చుట్టూ గాలిలోకి కొంచెం కరెంటు కారడం, దాన్ని తగ్గించడం ఒక కారణం. రెండో కారణం మన రెట్టింపులు. ఒక్క మూస్ ఉంటే జీఎంఆర్ 12.9 మిల్లీమీటర్లు. రెండుంటే, 12.9ని 450తో గుణించి వర్గమూలం తీస్తే 76. తీగ ఒక్కసారిగా ఆరింతలు లావైనట్టు. ఒకే వరసలో ఉన్న ఫేజుల మధ్య 11 మీటర్లుంటే రెట్టింపులు 10 నుంచి 7.5కి తగ్గుతాయి. రియాక్టెన్స్ 0.44 నుంచి 0.33కి వస్తుంది. దాంతో సుమారు మూడో వంతు ఎక్కువ పవర్ పంపొచ్చు.

ఇప్పుడు శూన్యం అన్న మాటకి అసలు అర్థం కనబడే చోటికి వద్దాం. నాకు ఈ విషయమంతటిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. 132 కేవీ పాంథర్ లైను, జీఎండీ 5 మీటర్లు తీసుకోండి. తీగ బయటి ఇండక్టెన్స్ కిలోమీటరుకి 1.233 మిల్లీహెన్రీ. అదే జాగా మీద ఆధారపడి కెపాసిటెన్స్, అంటే తీగల మధ్య చార్జి నిలవుంచుకునే గుణం, 9.02 నానోఫ్యారడ్. జాగా పెంచితే మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. రెండింటినీ గుణించండి. జాగా మాయమైపోతుంది! వర్గమూలం తీసి ఒకటిని దాంతో భాగిస్తే సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. కాంతి వేగం. 1 మీటరు జాగా అయినా 10 మీటర్లయినా ఇదే వస్తుంది. 1856లో వెబర్, కోల్‌రౌష్ కేవలం విద్యుత్ కొలతల నుంచి ఇలాంటి అంకె పట్టుకున్నారు. మరుసటి ఏడు కిర్కాఫ్, రెసిస్టెన్స్ లేని తీగ మీద విద్యుత్ తరంగం కాంతి వేగంతో పోతుందని చూపించారు. ఇండక్టెన్స్ అనే పేరు పెట్టింది ఆ తర్వాత హెవిసైడ్, 1886లో.

ఇది పనికొచ్చే సంగతి కూడా. పిడుగు పడ్డా, తీగ తెగినా, ఆ కుదుపు లైను మీద దాదాపు ఈ వేగంతో పరిగెడుతుంది. రెండు చివర్లా అది వచ్చిన సమయం పట్టుకుంటే ఫాల్టు ఎక్కడో తెలుస్తుంది. సమయంలో ఒక మైక్రోసెకను తప్పైతే చోటులో 150 మీటర్లు తప్పుతుంది. భూగర్భ కేబుల్‌కి ఇదే వేగం వేశారంటే దెబ్బతింటారు. ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఇండక్టెన్స్‌ని ముట్టుకోదు గానీ కెపాసిటెన్స్‌ని 2.3 రెట్లు చేస్తుంది. వేగం 2 లక్షల కిలోమీటర్ల లోపుకి దిగుతుంది. ఇక ఆ పాంథర్ లైను ఇండక్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే 370 ఓములు, లైను సహజ ఇంపెడెన్స్. 132 వర్గాన్ని 370తో భాగిస్తే 47 మెగావాట్లు. ఆ లోడు దగ్గర జాగాలోని ఇండక్టెన్స్ తినే రియాక్టివ్ పవర్‌నీ, కెపాసిటెన్స్ ఇచ్చేదాన్నీ సరితూచినట్టు ఉంటుంది. అంతకు మించితే చివర ఓల్టేజీ కుంగుతుంది, తగ్గితే ఉబ్బుతుంది.

(సభలోంచి: తీగ నేలకి తగిలి ఎర్త్ ఫాల్టు అయినప్పుడు రెండో తీగ ఉండదు కదండీ, నేలలోంచి తిరిగొస్తుంది. మరి రెట్టింపులు ఎక్కడ ఆపాలి?)

చాలా మంచి ప్రశ్న. మన డెల్టాకి ప్రత్యేకమైన జవాబు కూడా ఉంది దీనికి. కరెంటు నేల పైపైన రాదు, లోతుల్లోకి పరుచుకుంటుంది. లెక్కకి మాత్రం, ఫలానా దూరంలో ఒక తిరుగు తీగ ఉన్నట్టు అనుకుంటాం. ఆ దూరం మీటర్లలో, నేల రెసిస్టివిటీని (కరెంటుకి ఆ మట్టి ఎంత అడ్డుపడుతుందో ఆ కొలతని) ఫ్రీక్వెన్సీతో భాగించి, వర్గమూలం తీసి, 658తో గుణిస్తే వస్తుంది. పుస్తకాలు సాధారణంగా 100 ఓమ్-మీటర్లు వేస్తాయి. అప్పుడు 931 మీటర్లు. రాతి నేలకి 1000 వేస్తే దాదాపు 2.9 కిలోమీటర్లు. మన తడి బంకమట్టికి 10 వేయండి, 294 మీటర్లకి దిగిపోతుంది. తీరంలో ఉప్పు నేలకి 1 వేస్తే 93 మీటర్లే.

పైన చెప్పిన 132 కేవీ లైనుకే లెక్క చూడండి. మామూలు రియాక్టెన్స్ 9.17 రెట్టింపులు, 0.4 ఓములు. జీరో సీక్వెన్స్‌కి, అంటే మూడు ఫేజుల్లోనూ ఒకే దిశలో పోయి నేలలోంచి తిరిగొచ్చే కరెంటుకి, మూడు తీగలూ కలిపి ఒకే లావు తీగ అనుకోవాలి. దాని జీఎంఆర్ 0.6 మీటరు. అక్కడి నుంచి 931 దాకా 10.6 రెట్టింపులు. మూడింతలు చేస్తే 1.385 ఓములు. డెల్టా నేలలో 294 దాకా 8.93 రెట్టింపులే. 1.167 ఓములు. ఎర్త్ వైరు ప్రభావం ఇందులో కలపలేదు. అది కూడా కలిపి లెక్కించాలి, అప్పుడు అంకెలు ఇంకా మారతాయి.

దీంతో ఏమైపోతుందంటే, డిస్టెన్స్ రిలేలో, అంటే ఫాల్టు ఎంత దూరంలో ఉందో లెక్కేసి లైను ఆపించే పరికరంలో, కే జీరో అనే సర్దుబాటు ఉంటుంది. జీరో సీక్వెన్స్ నుంచి మామూలుది తీసేసి, మామూలుదానికి మూడింతలతో భాగిస్తే వస్తుంది. పుస్తకం నేలకి 0.82. మన నేలకి 0.64. పుస్తకం విలువ పెట్టేసి వదిలేస్తే రిలే 1.64ని 1.82తో భాగించినట్టు చదువుతుంది, అంటే పదిలో తొమ్మిది వంతులు. 40 కిలోమీటర్ల దగ్గర ఎర్త్ ఫాల్టు అయితే 36 అని చూపిస్తుంది. గ్యాంగు 36 దగ్గరికి వెళ్లి టవరెక్కి ఏమీ కనబడక దిగుతారు. మధ్యలో లంకలు, పాయలు, పంట కాలవలు. 4 కిలోమీటర్లు మ్యాపులో చిన్నదే, రాత్రి వర్షంలో చిన్నది కాదు. ఇంకో చిక్కు, లైను పొడవులో 80 శాతం దాకా చూసి వెంటనే ఆపించమని పెట్టిన జోన్ 1 దాదాపు 89 దాకా చూస్తుంది. ఇంకా లైను లోపలే ఉంది కాబట్టి బయటపడదు. కానీ మార్జిన్ సగం తినేసినట్టే. ఫాల్టు కరెక్టుగా దొరికిన ప్రతిసారీ రిలే చూపిన దూరం, నిజమైన దూరం రెండూ రిజిస్టరులో రాయండి. ఎర్త్ ఫాల్టులకి ఎప్పుడూ తక్కువే చూపిస్తూ, ఫేజు ఫాల్టులకి సరిగ్గా చూపిస్తుంటే తప్పు కే జీరోలో ఉంది. వెన్నర్ పద్ధతిలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి రెసిస్టివిటీ కొలిపించండి. కడ్డీల ఎడం పెంచుకుంటూ పోవాలి. రెండు మీటర్ల ఎడంతో కొలిస్తే పై మట్టి గురించే తెలుస్తుంది. వేసవిలో కాలవలు కట్టేశాక ఎండేది ఆ పై మట్టే, మనకి కావాల్సింది లోతు నేల.

(సభలోంచి: ఎల్‌సీ, అంటే లైను ఆపించి పనికి ఇచ్చే అనుమతి, తీసుకుని పనిచేస్తున్నప్పుడు పక్క లైను వల్ల షాకు కొట్టడం కూడా ఇదేనా?)

ఇదేనండి. ఇది జాగ్రత్తగా వినండి. మీ లైనుని విడదీసే ఏబీ స్విచ్ తీసేశారు, కరెంటు లేదు. పక్కనే ఇంకో లైను సమాంతరంగా నడుస్తోంది. దాని ఫ్లక్స్ మీ లైను జాగాలోకి కూడా వస్తుంది. మూడు ఫేజులు సమంగా ఉన్నంతసేపు ఒకదానివి ఒకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. పక్క లైను మీద ఎర్త్ ఫాల్టు అయిన క్షణంలో కొట్టేయడానికి రెండో తీగ ఉండదు. 20 మీటర్ల దూరంలో మీ తీగ ఉందనుకోండి. 20 నుంచి 294 దాకా 3.88 రెట్టింపులు, కిలోమీటరుకి 0.169 ఓములు. ఫాల్టు కరెంటు 2000 ఆంపియర్లయితే కిలోమీటరుకి 338 ఓల్టులు. మూడు కిలోమీటర్లు పక్కపక్కన నడిస్తే వెయ్యి ఓల్టులు, చచ్చిన లైను మీద! పుస్తకం నేలలో అయితే కిలోమీటరుకి 480 దాటేది. మన తడి నేల కొంత కాపాడుతోంది, అంతే.

సబ్‌స్టేషన్ చివర ఒక్కచోట ఎర్త్ చేసి పని మొదలుపెడితే, ఈ ఓల్టేజీ మొత్తం రెండో చివర పనిచేసే మనిషి చేతిలో తేలుతుంది. అందుకే పనిచేసే చోటుకి అటూ ఇటూ, మనిషి మధ్యలో ఉండేలా రెండు డిస్చార్జ్ రాడ్లు (లైనుని ఎర్త్‌కి కలిపే కడ్డీలు) వేయాలి. ముందు టెస్టరుతో చూడాలి. తర్వాత రాడ్ తీగ చివరి క్లాంపుని ముందు ఎర్త్‌కి బిగించాలి, ఆ తర్వాతే హుక్కుని లైనుకి తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైను నుంచి, ఆఖరున ఎర్త్ నుంచి. మూడు ఫేజులకీ వేయాలి. తీగ తెంపి జంపరు విప్పే పనైతే, విప్పే చోటుకి రెండు వైపులా ఎర్త్ ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. తెగిన రెండు ముక్కల మధ్యే ఆ ఓల్టేజీ కనబడుతుంది.

చెరువుల రైతులకి కూడా ఇందులో పనుంది. గట్ల పొడవునా జీఐ తీగతో కంచె వేస్తుంటారు, దాని పక్కనే లైను పోతుంటుంది. చెక్క గుంజల మీద ఎర్త్ లేకుండా కిలోమీటరు పొడవు కంచె అంటే, ఇప్పుడు లెక్కేసిన చచ్చిన లైనుకీ దానికీ తేడా లేదు. దాన్ని 200 మీటర్లకొకచోట తెంపి, మధ్యలో ఇన్సులేటరో, పొడి నైలాన్ తాడో పెట్టండి. అప్పుడు ఆ లెక్క ప్రకారం ఒక్కో ముక్కలో పుట్టేది 68 ఓల్టులే. ప్రతి ముక్కకీ నడిమధ్యన ఒక కడ్డీ దిగ్గొట్టి ఎర్త్ చేస్తే రెండు చివర్లా చెరి సగం, 34 ఓల్టులు. కడ్డీని గట్టు మీద పొడి మట్టిలో కాకుండా కిందికి దిగి తడి తగిలే చోట కొట్టండి. కంచె తీగని ఏరియేటరు స్టార్టరు డబ్బాకి గానీ, దాని ఎర్త్‌కి గానీ కలపకండి, మోటారులో లీకేజీ వస్తే కంచె మొత్తానికి పాకుతుంది.